జాతకంలో నీటి గండం ఉందన్న పిల్లవాడికి ఈత నేర్పించవచ్చా?

మూలాపేట అమ్మ
ఏప్రిల్ 24, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. మా అబ్బాయికి ఏడేళ్ళు నిండాయి, రెండో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఈ వేసవిలో ఈత నేర్పిద్దామని నేనూ మా వారూ అనుకున్నాం గానీ, ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతుంటే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. బాబు పుట్టినప్పుడు జాతకం రాయించామనీ, అందులో పన్నెండేళ్ళ వరకు నీటి గండం ఉందని చెప్పారనీ, అప్పటిదాకా వాడిని నీళ్ళ దగ్గరికే పోనివ్వనని మా అత్తయ్యగారి పట్టుదల. మామయ్యగారేమో, నడుముకు తాడు కట్టి బావిలోకి తోస్తే మూడు రోజుల్లో ఈత దానంతటదే వస్తుంది, దానికి ఫీజులు కట్టడమెందుకు అంటున్నారు. పదిహేను రోజుల వేసవి శిబిరంలో చేర్పిస్తే జన్మంతా నిశ్చింత అని మా వారు. జలుబు, చెవిపోటు, నల్లబడిపోవడం తప్పదని మా అమ్మ. నాకు ఈత రాదు. అందువల్ల ఎవరి మాటలో ఎంత నిజముందో చెప్పే అనుభవం నాకు లేదు. తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.


పినాకినీ తీరం
ఏప్రిల్ 24, రాత్రి 10:35

అమ్మా, నేను ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మా ఊరు సంగం పక్కన. మీ మామయ్యగారు చెప్పిన పద్ధతిలో పెరిగిన తరమే మాది కనుక ముందుగా దాని గురించి చెబుతాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా చిన్న మేనమామ నన్ను దిగుడుబావి మెట్ల మీద నుంచి చెప్పా పెట్టకుండా నీళ్ళలోకి తోశాడు. నడుముకు తాడుంది, తాడు చివర ఆయన చేతిలోనే ఉంది. ప్రాణానికి ముప్పు లేదని ఆయనకు తెలుసు, నాకు తెలియదు. ముక్కులోకి నీళ్ళెక్కి, నడినెత్తిన మంట పుట్టి, పైన వెలుతురు ఎటువైపు ఉందో కూడా తెలియకుండా పోయిన ఆ కొద్ది క్షణాలు నాకు ఈ వయసులోనూ గుర్తున్నాయి. ఆ తరువాత నాలుగేళ్ళ పాటు నేను ఆ బావి మెట్లు దిగలేదు. నాకు నిజంగా ఈత నేర్పింది మా పెద్ద బావగారు. కాలువలో నడుము లోతున నిలబడి, నా వీపు కింద అరచెయ్యి పెట్టి, "తల వెనక్కి వాల్చు, చెవులు మునగనీ, ఆకాశం చూడు" అన్నారు. చెయ్యి ఎప్పుడు తీసేశారో నాకు తెలియనే లేదు. నీటిని నమ్మడం అప్పుడు తెలిసింది.

తోస్తే ఈత వస్తుందని గట్టిగా చెప్పేవారంతా ఆ బావుల్లోంచి క్షేమంగా బయటికి వచ్చినవారేనని మనం గుర్తుపెట్టుకోవాలి. రానివారు వచ్చి తమ అనుభవం చెప్పలేరు కదా. పైగా ఆ రోజుల్లో పిల్లవాడి నడుముకు ఎండు సొరకాయ బుర్రలో, బెండ్లో కట్టేవారు, గట్టున నలుగురు పెద్దవాళ్ళు ఉండేవారు, ఏళ్ళ తరబడి వాడుతున్న బావి కాబట్టి ఎక్కడ ఎంత లోతో అందరికీ తెలిసి ఉండేది. ఇప్పుడు సొరకాయ బుర్ర స్థానంలో ఖాళీ నూనె డబ్బా కడుతున్నారు. మా వీధిలోనే ఒక పిల్లవాడికి అలా కట్టిన డబ్బా మూత వదులై, కాలువ మధ్యకు వెళ్ళేసరికి నీళ్ళు నిండి, తేల్చవలసినదే కిందికి లాగింది. తండ్రి పక్కనే ఉన్నాడు కాబట్టి సరిపోయింది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా చిన్నతనంలో ఎండాకాలం పెన్న అంటే ఇసుకే. మోకాలి లోతు పాయలు రెండు మూడు ఉండేవి, వాటిలో పొర్లాడేవాళ్ళం. ఇప్పుడు సంగం, నెల్లూరు బ్యారేజీలు వచ్చాయి. 2022 సెప్టెంబరులో రెండూ ప్రారంభమయ్యాయి. వాటి ఎగువన నీరు నిలబడుతున్నది. నదిలో ఇసుక తవ్విన చోట గుంతలున్నాయి. మోకాలి లోతులో నడుస్తున్నవాడికి తరువాతి అడుగు కింద నేల ఉండకపోవచ్చు, గుంత అంచున ఇసుక కాలి కింద జారిపోతుంటే వెనక్కి తిరగడం పెద్దవాళ్ళకే సాధ్యం కాదు. "మేం ఆ ఏట్లోనే పెరిగాం" అని పిల్లలను వెంట తీసుకువెళ్ళే తాతలు, తాము పెరిగిన ఏరు ఇప్పుడు అక్కడ లేదని గమనించాలి.


ఒంగోలు కోచ్
ఏప్రిల్ 25, ఉదయం 6:20

పద్నాలుగేళ్ళుగా పిల్లలకు ఈత నేర్పుతున్నాను. మాస్టారు చెప్పిన చివరి మాట ప్రతి తల్లీ తండ్రీ చదవాలి.

నేను పదిహేను రోజుల శిబిరం గురించి రాస్తాను. ఆ పదిహేను రోజుల్లో నీటికి అలవాటుపడిన పిల్లవాడు తల ముంచడం, నీటిలో ఊపిరి వదలడం, వెల్లకిలా తేలడం, పది పన్నెండు మీటర్లు కాళ్ళాడిస్తూ ముందుకు పోవడం నేర్చుకోగలడు. భయపడే పిల్లవాడికి తల ముంచడానికే వారం పడుతుంది, అందులో తప్పేమీ లేదు. చివరి రోజు సర్టిఫికెట్ ఇచ్చి ఫొటో తీయగానే పిల్లవాడికి ఈత వచ్చేసిందని తల్లిదండ్రులు అనుకుంటారు. తరువాత పదకొండు నెలలు నీళ్ళలో దిగని ఆ పిల్లవాడే మరుసటి వేసవిలో వచ్చినప్పుడు నేను మళ్ళీ ఊపిరి వదలడం దగ్గర నుంచే మొదలుపెట్టవలసి వస్తున్నది.

మరి ఈత వచ్చిందని ఎప్పుడు అనాలి? రెడ్ క్రాస్ వారు చెప్పే కొలత నాకు బాగా నచ్చింది. తల మునిగే లోతులోకి దూకి తనంతట తానే పైకి రావాలి, ఒక నిమిషం పాటు తేలుతూనో నీళ్ళు తొక్కుతూనో ఉండాలి, చుట్టూ తిరిగి గట్టు ఎటువైపు ఉందో చూసుకోవాలి, సుమారు 23 మీటర్లు ఈది అక్కడికి చేరాలి, నిచ్చెన లేకుండా పైకి ఎక్కాలి. ఈ అయిదూ ఆగకుండా ఒకదాని వెంట ఒకటి చేయగలగాలి. ఫ్రీస్టైల్ అందంగా వేసే పిల్లలు కూడా చాలామంది చివరిదాని దగ్గర ఆగిపోతారు. పూల్ అంచు పట్టుకుని మోచేతుల మీద పైకి లేవడం ఎవరూ నేర్పి ఉండరు. మన కాలువలకూ బావులకూ నిచ్చెనలు ఉండవు.

చేతులకు తొడిగే గాలి బుడగల గురించి కూడా చెప్పాలి. దుకాణాల్లో బొమ్మలతో పాటు వేలాడదీసి అమ్ముతారు కదా, అవి నిజంగా బొమ్మలే, రక్షణ సాధనాలు కావు. జారిపోతాయి, గాలి దిగిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, వాటితో పిల్లవాడు నీటిలో నిలువుగా ఉండడానికి అలవాటుపడతాడు. ఈతకు శరీరం నీటి మీద పడుకోవాలి. నిలువుగా ఉన్న శరీరం మునుగుతుంది. బుడగలు ఉన్నంతసేపు తనకు ఈత వచ్చని నమ్మిన పిల్లవాడు, అవి లేని రోజున కూడా అదే నమ్మకంతో దూకుతాడు.


కందుకూరు నాన్న
ఏప్రిల్ 25, ఉదయం 8:05

నేను వేరే మాట చెబుతాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. ఈత రాని పిల్లవాడు నీళ్ళంటే భయపడి గట్టునే ఉంటాడు. ఈత వచ్చినవాడే స్నేహితులతో కలిసి చెరువుకూ సముద్రానికీ వెళతాడు. ప్రమాద వార్తలు చదివినప్పుడల్లా, గజ ఈతగాళ్ళు అనిపించుకున్న కుర్రాళ్ళే పోయారని వింటాం. నా ఇద్దరు పిల్లలకూ ఈత నేర్పించలేదు, నీళ్ళ దగ్గరికి పోవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. ఇప్పటిదాకా క్షేమంగానే ఉన్నారు. ఈ ఇంటి అత్తయ్యగారి మాటే నాకు సబబుగా తోస్తున్నది.


చీమకుర్తి వాసి
ఏప్రిల్ 25, ఉదయం 8:50

అన్నా, మా దగ్గర గ్రానైట్ తవ్వి వదిలేసిన క్వారీల్లో నీళ్ళు నిలబడి ఉంటాయి. గోడలు నిలువుగా కోసినట్టు ఉంటాయి, కాలు పెట్టడానికి గట్టు గానీ పట్టుకోవడానికి గడ్డి గానీ ఉండదు. అందులో పడే పిల్లలందరూ ఈత కొట్టడానికి వెళ్ళినవాళ్ళు కారు. బంతి పడిందనో, మేక దిగిందనో అంచుకు వెళ్ళినవాళ్ళే ఎక్కువ. భయం ఉన్నంత మాత్రాన కాలు జారకుండా ఉండదు.


ఒంగోలు కోచ్
ఏప్రిల్ 25, మధ్యాహ్నం 1:15

కందుకూరు అన్నగారి మాటలో సగం నిజముంది, దాన్ని నేను కొట్టిపారేయను. పదిహేను నుంచి ఇరవై ఏళ్ళ మగపిల్లల్లో అతివిశ్వాసం ఉంది. పూల్‌లో పాతిక మీటర్లు పోగలిగినవాడు, ప్రవాహంలోనూ బట్టలతోనూ అంతే దూరం పోగలనని అనుకుంటాడు. "ఈతకు మించిన లోతు లేదు" అని మన పెద్దలు అన్నది లోతు వరకు నిజమే. ఈత వచ్చినవాడికి ఆరడుగులైనా అరవై అడుగులైనా ఒకటే. అయితే ఈతగాళ్ళను ముంచేవి అలసట, ప్రవాహం, కాళ్ళకు చుట్టుకునే తూడు, తాగిన మందు, పందేలు. అందుకే నేను నేర్పేటప్పుడు పెద్ద పిల్లలను ఒకరోజు ప్యాంటు, చొక్కాతో దింపుతాను. రెండు నిమిషాలకే వాళ్ళ ముఖాల్లో మార్పు కనిపిస్తుంది. ఆ తరువాత వాళ్ళకు నేను ఉపన్యాసం ఇవ్వవలసిన అవసరం ఉండదు.

అయితే మిగతా సగం ఒప్పుకోలేను. బంగ్లాదేశ్‌లో ఇంటి చుట్టూ కుంటలే. అక్కడ నాలుగు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు గ్రామాల్లోని చెరువుల్లోనే వెదురు వేదికలు కట్టి, ప్రాణం నిలుపుకోవడానికి సరిపడే ఈత నేర్పించారు. నేర్చుకున్న పిల్లల్లో నీట మునిగి చనిపోవడం 90 శాతానికి పైగా తగ్గిందని అక్కడి అధ్యయనంలో తేలింది. నేర్చుకున్న పిల్లలు ఎక్కువగా నీళ్ళలోకి పోయి ఎక్కువగా చనిపోతారన్న భయం నిజమైతే ఫలితం తిరగబడి ఉండాలి. అక్కడ ఈతతో పాటు ఎక్కడ దిగకూడదో, తోటివాడు మునుగుతుంటే ఏం చేయాలో కూడా నేర్పారు. మన శిబిరాల్లో ఆ రెండో భాగం లేదు. తల్లిదండ్రులు దాన్ని అడిగి మరీ చెప్పించుకోవాలి.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక్క హెచ్చరిక చేస్తాను. పూల్‌లో పిల్లలు "ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారో" అని పందెం వేస్తుంటే తల్లిదండ్రులు పక్కన నిలబడి లెక్కపెడుతుంటారు. దయచేసి ఆపించండి. ముందు గబగబా ఊపిరి పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. ఊపిరి తీసుకోవాలన్న తహతహ పుట్టించేది ఆ వాయువే. అది తగ్గినప్పుడు ఆక్సిజన్ అయిపోతున్నా శరీరం హెచ్చరించదు, పిల్లవాడు నీటి అడుగునే నిశ్శబ్దంగా స్పృహ తప్పుతాడు. పైనున్నవాళ్ళు పందెం గెలుస్తున్నాడనుకుంటారు. బాగా ఈత వచ్చిన పిల్లలకే ఈ ముప్పు ఎక్కువ.


పిల్లల డాక్టర్, కావలి
ఏప్రిల్ 25, రాత్రి 9:40

కోచ్ గారు "నిశ్శబ్దంగా" అన్నారు. తల్లిదండ్రుల అపోహలన్నింటిలో ప్రాణాల మీదికి తెచ్చేది అదేనని నా అభిప్రాయం. అందుకే జలుబు సంగతి తరువాత చెబుతాను.

నీట మునిగేవాళ్ళు చేతులు పైకెత్తి ఊపుతూ కేకలు వేస్తారని మనం నమ్ముతాం. మాట్లాడడానికి ముందు ఊపిరి ఆడాలి. నోరు నీటి మట్టానికి పైకి వచ్చే ఆ రెప్పపాటులో శరీరం గాలి కోసమే పెనుగులాడుతుంది, కేక వేయడానికి వ్యవధి ఉండదు. చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి అదుముతుంటాయి కాబట్టి పైకెత్తి ఊపడం కుదరదు. ఒక శుభకార్యానికి వెళ్ళినప్పుడు ఆ వసతి గృహం పూల్‌లో నేను కళ్ళారా చూశాను. ఆరేళ్ళ పాప ఛాతీ లోతు నీటిలో ఆడుతూ కాస్త లోతుకు జరిగింది. నిలువుగా ఉంది, తల వెనక్కి వాలి ఉంది, జుట్టు కళ్ళ మీద పడినా తోసుకోవడం లేదు, నోరు తెరుచుకుని నీటి అంచున మునుగుతూ తేలుతూ ఉంది. నిచ్చెన ఎక్కుతున్నట్టుగా చేతులు కదులుతున్నాయి. ఆమె తండ్రి రెండు గజాల దూరంలో, అదే నీటిలో, మరొకరితో మాట్లాడుతున్నాడు. ఆయనకు చప్పుడేమీ వినిపించలేదు, ఎందుకంటే చప్పుడే లేదు. నేను దిగి పాపను ఎత్తుకున్నాక కూడా, "ఆడుకుంటోంది కదండీ" అని ఆయన అన్నాడు. ఇలాంటి స్థితిలో పిల్లలు పైన ఉండగలిగేది 20 నుంచి 60 సెకన్లే. ఫోన్‌లో ఒక సందేశం చదివి జవాబు రాసేంత సమయం. కాబట్టి కోచ్ ఉన్నాడనో, లైఫ్‌గార్డ్ ఉన్నాడనో బెంచీ మీద కూర్చుని ఫోన్ చూసుకోవద్దు. ఈత సరిగా రాని పిల్లవాడు ఎప్పుడూ చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి.

జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది, తల తడవడం వల్ల రాదు. ఈత మొదలుపెట్టిన పిల్లలకు జలుబు వస్తే సాధారణంగా అది పక్క పిల్లల నుంచి అంటుకున్నదే. చెవిపోటు విషయంలో మాత్రం మీ అమ్మగారి భయానికి ఆధారముంది. చెవి గొట్టంలో నీరు నిలిచి చర్మం నాని ఇన్ఫెక్షన్ వస్తుంది. చెవి డొప్పను కదిపితే నొప్పి పెరగడం దాని గుర్తు. ఈత అయ్యాక తలను ఒక పక్కకు వంచి నీరు జారనిచ్చి, మెత్తటి తువ్వాలుతో బయట తుడిస్తే చాలు. పుల్లలు, బడ్స్ పెట్టి తిప్పకూడదు, నూనె కాచి పోయకూడదు. చెవి పొరకు రంధ్రం ఉన్న పిల్లలనూ, చెవిలో గొట్టాలు అమర్చిన పిల్లలనూ డాక్టరును అడగకుండా దించవద్దు. మూర్ఛ వచ్చే పిల్లలను ఒక పెద్ద మనిషి వాళ్ళ మీదే కళ్ళు పెట్టుకుని ఉంటే తప్ప నీటిలోకి పంపకూడదు. ఉబ్బసం ఉన్న పిల్లలు ఈతకు పనికిరారన్నది సరికాదు. ఎక్కువమందికి అది మంచి వ్యాయామమే, ఇన్హేలర్ మాత్రం గట్టున అందుబాటులో ఉండాలి.

కళ్ళు ఎర్రబడితే క్లోరిన్ ఎక్కువైందని అంటారు. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసినప్పుడు పుట్టే క్లోరమైన్‌లు కళ్ళను మండిస్తాయి. పూల్ దగ్గర ఘాటు వాసన గుప్పుమంటే నీరు శుభ్రంగా ఉందని కాదు, తేడాగా ఉందని అర్థం. దిగే ముందు ప్రతి పిల్లవాడూ స్నానం చేసి, మూత్రానికి వెళ్ళి వస్తే సగం ఇబ్బంది తీరుతుంది. భోంచేసి ఈదితే కండరాలు పట్టేసి మునిగిపోతారన్న దానికి ఆధారాలు లేవు. నిండు పొట్టతో ఆయాసమొస్తుంది, వాంతి కావచ్చు, అంతే.

ఇక వయసు. నాలుగేళ్ళు వచ్చేసరికి ఎక్కువమంది పిల్లలు ఈత నేర్చుకోవడానికి సిద్ధంగా ఉంటారు, కాబట్టి ఏడేళ్ళకు తొందరేమీ లేదు, ఆలస్యమూ కాలేదు. ఒక ఏడాది నిండిన పిల్లలకు కూడా నేర్పవచ్చని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2010లో తన వైఖరి మార్చుకుంది. అయితే అది విని, ఏడాదిన్నర పిల్లవాడిని శిక్షణకు పంపి ఇంట్లో నీళ్ళ బకెట్ మూత లేకుండా వదలకూడదు. ఆ వయసు పిల్లలకు తల బరువెక్కువ. తలకిందులుగా బకెట్‌లో పడితే లేవలేరు, జానెడు నీళ్ళు కూడా అక్కరలేదు. 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోగా, వారిలో దాదాపు నాలుగోవంతు అయిదేళ్ళలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ వయసుకు ఈత ఒక్కటే రక్షణ కాదు. సంపు మీద మూత, పెరటి తొట్టికి కంచె, పనివేళల్లో కనిపెట్టుకుని ఉండే ఒక మనిషి, ఇవి రక్షణ.


అల్లూరు రైతు
ఏప్రిల్ 26, ఉదయం 5:50

డాక్టరమ్మ గారూ, మా రొయ్యల చెరువుల సంగతి కూడా చేర్చండి. లోతు మనిషి మునిగేంత ఉండదు, అందుకే పిల్లలకు ఏమీ కాదనుకుంటాం. కానీ గట్టు వాలుకు ప్లాస్టిక్ షీటు పరిచిన చెరువుల్లో నాచు పట్టి సబ్బులా జారుతుంది. నేను పడితేనే పైకెక్కలేక, నీళ్ళలో గాలి కలిపే ఏరేటరు కట్టిన తాడు పట్టుకుని వచ్చాను. అప్పటి నుంచి మా చెరువుల నాలుగు మూలలా ముళ్ళు వేసిన లావు తాళ్ళు గట్టు మీది గుంజలకు కట్టి నీళ్ళలోకి వదిలాను. ఖర్చు చాలా తక్కువ. చెరువులున్న ప్రతివారూ కట్టుకోవాలని నా మనవి.


ఆత్మకూరు అక్క
ఏప్రిల్ 26, మధ్యాహ్నం 2:30

ఇంతమంది రాశారు గానీ అందరూ అబ్బాయి గురించే మాట్లాడుతున్నారు. నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదాన్ని చేర్పించడానికి వెళితే, మా బంధువులే "ఆడపిల్లకు ఈతెందుకు" అన్నారు. సోమశిల చూడడానికి వెళ్ళినప్పుడు, కార్తీకంలో మైపాడులో సముద్ర స్నానాలకు వెళ్ళినప్పుడు ఆడపిల్లలు నీళ్ళలో దిగరా? బట్టలుతికే రేవులో, కాలువ గట్టున ఎక్కువగా ఉండేది ఎవరు?

నల్లబడడం గురించి మూలాపేట చెల్లెలు రాసింది. నలుపు నీళ్ళ వల్ల రాదు, ఎండ వల్ల వస్తుంది. ఉదయం ఎనిమిదిలోపు గానీ సాయంత్రం అయిదు దాటాక గానీ పంపితే ఆ బాధ లేదు. వచ్చినా కొన్ని వారాల్లో పోతుంది. బట్టల విషయంలో సిగ్గుపడి నూలు చుడీదారుతో దించడం ప్రమాదం. నూలు గుడ్డ నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, చున్నీ చేతులకు చుట్టుకుంటుంది. చేతులూ కాళ్ళూ నిండుగా కప్పే నైలాన్ ఈత దుస్తులు ఇప్పుడు దొరుకుతున్నాయి, ఒంటికి అంటి ఉంటాయి, బరువెక్కవు. పెద్దమనిషి అయ్యాక మానిపించాలన్నది కూడా అర్థం లేని మాట. నెలలో ఆ నాలుగు రోజులు మానుకోవాలనిపిస్తే మానుకోవచ్చు, మిగతా ఇరవై ఆరు రోజులకు ఏమైంది? ఆడవాళ్ళ బ్యాచ్, ఆడ కోచ్ కావాలని మేము ఎనిమిది మంది తల్లులం కలిసి వెళ్ళి అడిగితే, కుదరదన్నవాళ్ళే సాయంత్రం ఒక గంట కేటాయించారు. ఒక్కరే వెళ్ళి అడగవద్దు, కలిసి వెళ్ళండి.


కొత్తపట్నం కుర్రాడు
ఏప్రిల్ 26, రాత్రి 7:45

మాది సముద్రం మీద బతికే కుటుంబం. పూల్‌లో ఈత వచ్చిందని పిల్లలను సముద్రంలోకి తీసుకొచ్చే వాళ్ళకు ఒక్కటే చెప్పాలి. ఒడ్డున నిలబడి చూస్తే అలలు వరసగా విరుగుతుంటాయి, మధ్యలో ఒకచోట మాత్రం అల విరగదు, నీళ్ళు ప్రశాంతంగా, కాస్త మట్టి రంగులో కనిపిస్తాయి. పట్నం నుంచి వచ్చినవాళ్ళు పిల్లలకు అదే మంచిదని ఏరికోరి అక్కడే దిగుతారు. ఒడ్డుకు కొట్టిన నీళ్ళన్నీ తిరిగి సముద్రంలోకి పోయే దారి అదే. పది అడుగులు వేసేలోపు కాళ్ళ కింద నేల పోతుంది, మనిషిని లోపలికి లాగుతుంది. అప్పుడు ఒడ్డు వైపే ఈదితే ఎంత బలవంతుడైనా అలసిపోతాడు. తేలుతూ ఉండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ పాయ వెడల్పు ఎక్కువ ఉండదు. అలలు విరిగే చోటికి చేరితే అలే ఒడ్డుకు తెస్తుంది. ఈ మాట పిల్లలకు ఒడ్డునే, వేలు పెట్టి చూపిస్తూ చెప్పాలి. నీళ్ళలో దిగాక చెప్పేది వినపడదు.


మూలాపేట అమ్మ
ఏప్రిల్ 26, రాత్రి 9:20

అందరికీ రెండు చేతులా నమస్కారాలు. మా వారితో, మామయ్యగారితో కలిసి కూర్చుని ఇవన్నీ చదివాం. మామయ్యగారు మాస్టారు రాసింది రెండుసార్లు చదివించుకుని ఏమీ అనలేదు, బావి మాట మళ్ళీ ఎత్తలేదు. ఇంకో రెండు సందేహాలున్నాయి. ఒకవేళ ఏదైనా జరిగితే పిల్లవాడిని కాళ్ళు పట్టుకుని గిరగిరా తిప్పాలని, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించాలని అంటారు, అది సరైనదేనా? రెండోది, మా అత్తయ్యగారు మాత్రం గండం మాట వదలడం లేదు. ఆవిడకు ఎదురు చెప్పి మనసు కష్టపెట్టడం నాకు ఇష్టం లేదు.


పిల్లల డాక్టర్, కావలి
ఏప్రిల్ 26, రాత్రి 10:15

తిప్పకూడదు, పొట్ట నొక్కకూడదు. మునిగినవారికి అవసరమైనది ఆక్సిజన్. పొట్టలోని నీళ్ళు ఆ సమయంలో ప్రాణం తీయవు. పొట్ట నొక్కితే ఆ నీళ్ళూ అన్నమూ గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తిప్పుతున్న ప్రతి నిమిషం మెదడుకు గాలి అందని నిమిషమే. ఊపిరి లేని పిల్లవాడిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి, ఛాతీ లేచేటట్టు ముందుగా నోటితో ఊపిరి ఇవ్వాలి. ఆ తరువాత కూడా చలనం లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 చొప్పున, 30 సార్లు నొక్కి 2 సార్లు ఊపిరి ఇస్తూ ఆపకుండా కొనసాగించాలి. పక్కనున్నవారు 108కి ఫోన్ చేయాలి. ఇది చదివితే రాదు, ఒక బొమ్మ మీద గంటసేపు చేసి నేర్చుకోవాలి. తేరుకున్న పిల్లవాడు బాగానే ఉన్నట్టు కనిపించినా, దగ్గు, ఆయాసం, మత్తు ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కొన్ని గంటల్లో పరిస్థితి మారవచ్చు.

రక్షించడానికి ఒకరి వెనుక ఒకరు దూకి ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోవడం మన జిల్లాల్లో వింటూనే ఉన్నాం. ముందు కర్ర గానీ, చీర గానీ అందించాలి, మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాన్ విసరాలి. శిక్షణ లేనివారు దూకకూడదు.


పినాకినీ తీరం
ఏప్రిల్ 27, ఉదయం 6:00

అమ్మా, అత్తయ్యగారి విషయం నాకు వదిలిపెట్టండి. నా జాతకంలోనూ నీటి గండం రాసి ఉంది. మా అమ్మ ఆ కారణంతోనే నన్ను పుష్కరాలకు కూడా తీసుకువెళ్ళలేదు. ఆవిడతో జాతకం అబద్ధమని వాదించవద్దు. గండమంటే జాగ్రత్తగా ఉండమని పెద్దలు చెప్పిన మాటే కదా. పన్నెండేళ్ళ వరకు పిల్లవాడిని నీళ్ళకు దూరంగా ఉంచడం నెల్లూరులో ఎలా కుదురుతుంది? ఊరి మధ్యలో కాలువలు, ఒకపక్క పెన్న, ఒకపక్క చెరువు. 2021 నవంబరులో వరద వచ్చినప్పుడు నీళ్ళే మన ఇళ్ళలోకి వచ్చాయి, మనం వాటి దగ్గరికి వెళ్ళలేదు. గండం ఉన్నవాడికే ముందుగా ఈత రావాలని చెప్పండి. అంతకంటే మేలైన పని, మొదటి రోజు ఆవిడను కూడా పూల్ దగ్గరికి తీసుకువెళ్ళండి. ఆవిడ భయపడేది తాను చూడని నీటికి.


కందుకూరు నాన్న
ఏప్రిల్ 27, ఉదయం 7:30

చీమకుర్తి తమ్ముడు రాసిన మేక మాట నా మనసులో రాత్రంతా తిరిగింది. మా ఇంటి వెనుక నీటి కుంట ఉంది. నా పిల్లలకు పదకొండు, ఎనిమిది. మా ఊళ్ళో పూల్ లేదు, ఒంగోలు రోజూ రావడం కుదరదు. ఆదివారాలు మాత్రమే తీసుకువస్తే ప్రయోజనం ఉంటుందా, కోచ్ గారూ?


ఒంగోలు కోచ్
ఏప్రిల్ 27, ఉదయం 9:00

తప్పకుండా ఉంటుంది, అన్నగారూ. వారానికి ఒక్కరోజైనా ఏడాది పొడవునా వచ్చే పిల్లలు, పదిహేను రోజులు వరసగా వచ్చి మానేసేవారికంటే బాగా నిలబడతారు. ఈలోగా ఇంట్లో వెడల్పాటి బేసిన్‌లో ముఖం ముంచి బుడగలు వదలడం చేయించండి, మీరు పక్కనే ఉండాలి, అయ్యాక నీళ్ళు పారబోయాలి. కుంట చుట్టూ ముళ్ళకంచె మాత్రం ఈ వారమే వేయించండి.


మూలాపేట అమ్మ
మే 19, రాత్రి 8:40

మూడు వారాల తరువాత రాస్తున్నాను. అత్తయ్యగారు మొదటి రోజు రానన్నారు, రెండో రోజు వచ్చారు. పూల్ అంచున కుర్చీ వేసుకుని చీర కొంగు గుప్పిట్లో పట్టుకుని గంటసేపు రెప్ప వేయకుండా కూర్చున్నారు. అప్పటి నుంచి రోజూ వస్తున్నారు, ఫోన్ చూసుకుంటున్న తల్లులను కూడా ఆవిడే మందలిస్తున్నారు. బాబు తొమ్మిది రోజులు తల ముంచలేదు. కోచ్ తొందరపెట్టలేదు. నిన్న మొదటిసారి వెల్లకిలా తేలాడు. అత్తయ్యగారు గట్టు మీద నుంచి ఒకటీ రెండూ అని లెక్కపెడుతుంటే ముప్పై నాలుగు దాకా కదలకుండా ఉన్నాడు. ఆ తరువాత లేచి, "నానమ్మా, చెవులు మునిగితే నువ్వు లెక్కపెట్టేది వినపడటం లేదు, వేళ్ళు చూపించు" అన్నాడు.

కోచ్ గారూ, మా బ్యాచ్ మే 31తో అయిపోతుంది. బడి తెరిచాక ఆదివారాలు కొనసాగించమని అడిగాను, కనీసం పదిమంది పిల్లలుంటే తెరుస్తామన్నారు. ఇప్పటికి ఆరుగురం అయ్యాం. నెల్లూరులో ఉన్నవారెవరైనా కలవదలచుకుంటే ఇక్కడే రాయండి. సాయంత్రం ఆడవాళ్ళ గంటకు నేను కూడా పేరు ఇచ్చాను.